జుట్టు ఎవరి చేతిలో

జైనూర్‌లో ఆడమనిషి క్రాఫు చేయించుకోవాలంటే ఏ దుకాణానికి వెళ్లాలి? రెండేళ్ల కిందట ఈ ప్రశ్న ఎదురైనప్పుడు నవ్వొచ్చింది. రిటైరయ్యాక, ఉద్యోగం మొదట్లో పనిచేసిన ఈ ఏజెన్సీ ప్రాంతంలో కొన్నాళ్లు ఉందామని వచ్చాను. పదిహేనేళ్లుగా నాది పొట్టి జుట్టే. చెవులు కనిపిస్తూ, మెడ వెనక సన్నగా దిగుతూ, నుదుటి మీద మాత్రం కొంచెం పొడుగ్గా ఉండే కత్తిరింపు. చూసినవాళ్లు బాయ్‌కట్ అంటారు. ఇంగ్లీషు చదివినవాళ్లు ఆండ్రోజినస్ అంటారు. ఆడో మగో తేల్చి చెప్పని జుట్టు అన్నమాట. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ దాని గురించి ఆలోచించే పని పడలేదు. ఇక్కడికొచ్చిన మూడో నెలకి అది చెవుల మీదికి జారింది. ఆలోచన అప్పుడు మొదలైంది.

ముందు బ్యూటీ పార్లర్‌కి వెళ్లాను. కనుబొమలు, ఫేషియల్, యు కట్, స్టెప్ కట్, పెళ్లికూతురి జడ, అన్నీ చేస్తుంది ఆ అమ్మాయి. నా తల అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘మెడ కాడ సన్నగ తీసుడు నాకు రాదు మేడం. మిషన్ గూడ లేదు. గది మగోళ్ల షాపుల చేస్తరు’’ అంది. యాభై అడుగులు నడిచి కటింగ్ షాపుకి వెళ్లాను. అక్కడి పెద్దమనిషి లేచి నిలబడ్డాడు, మర్యాదగానే. ‘‘పని వస్తది మేడం, ఎందుకు రాదు? గానీ మీరు కూసుంటే మిగిలినోళ్లు లోపటికి రారు.’’

పని రాని చోట నాకు చోటుంది. పని వచ్చిన చోట నేను కూర్చోకూడదు. జెండర్ గురించి ముప్పై ఏళ్లు చదివాను, రాశాను, సభల్లో మాట్లాడాను. ఆ గీత రెండు దుకాణాల మధ్య యాభై అడుగుల రోడ్డుగా కనిపించడం అదే మొదలు. చివరికి ఆయనే దారి చెప్పాడు. ‘‘రేపు పొద్దుగాల ఆరింటికి రాండ్రి. ఎవ్వరు రాకముందు చేసేస్త.’’ ఇప్పటికీ నెలన్నరకోసారి అలాగే వెళ్తాను, ఏదో రహస్యపు పనికి వెళ్లినట్టు. ‘రోమన్ హాలిడే’ సినిమాలో రాకుమారి రోములో ఒక మంగలి దుకాణంలోకి వెళ్లి జుట్టు కత్తిరించమంటే అతను నమ్మలేక మళ్లీ మళ్లీ అడుగుతాడు. అది 1953. మొదటిసారి మా జైనూర్ ఆయన కూడా కత్తెర పట్టుకుని నాలుగుసార్లు అడిగాడు. ‘‘నిజంగనే తీసెయ్యాల్నా?’’

కత్తిరింపు గురించి ఆయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెప్పాలి. నా తర్వాతి ఆలోచనకి అవే ఆధారం. పొట్టి జుట్టులో ఆడ మగ తేడా జుట్టు పొడవులో ఉండదు. రెండు అంచుల్లో ఉంటుంది. చెవి ముందు సైడ్‌లాక్స్‌ని చదరంగా కోస్తే మగ, మొనదేలేలా వదిలేస్తే ఆడ. మెడ వెనక బ్లేడుతో గీత గీసినట్టు ముగిస్తే మగ, ఆ గీత లేకుండా క్రమంగా పల్చబరిస్తే ఆడ. మిగతాదంతా ఒకటే. దువ్వెన మీదికి జుట్టు పట్టి, పైకి వచ్చినదాన్ని కత్తెరతో తీయడం, పక్కల మిషన్, పైన పళ్ల కత్తెరతో పల్చన చేయడం. అటూ ఇటూ కాని కత్తిరింపు కావాలంటే ఆ రెండు అంచుల దగ్గరే మనం మాట్లాడాలి. మాట్లాడకపోతే చేతికి అలవాటైన గీత పడిపోతుంది. మొదటిసారి నేను మాట్లాడలేదు. మెడ మీద గీత పడింది. వారం రోజులు వెనక నుంచి చూసినవాళ్లు ‘‘సార్’’ అని పిలిచారు.

ఇంకొకటి సుడి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మన అమ్మమ్మలు నవ్వేవారు గుర్తుందా? నడినెత్తి మీద ఆ సుడి ఎటు తిరిగితే జుట్టు అటే పడుతుంది. జడ బరువుకి అది అణిగి ఉంటుంది. పొట్టిగా కోస్తే లేచి నిలబడుతుంది. దానికి ఎదురు దువ్వి లాభం లేదు. దాని వెంట కోయాలి, లేదా అక్కడ కాస్త పొడుగు వదలాలి. మన జుట్టు దట్టం, చాలామందిది ఉంగరాలు తిరిగినది. పారిస్ బొమ్మ చూసి అదే కావాలంటే రాదు. తలారా నూనె పెడితే మాడుకి అతుక్కుపోయి తడిసిన పిల్లిలా ఉంటుంది. రాత్రి పెట్టుకుని పొద్దున కడిగేసుకోవాలి. సగం ఆరాక వేళ్లతోనే ఎగదువ్వాలి. పాపిట ఒకేచోట తీయకుండా మార్చుతుండాలి. పాపిట మనకి వట్టి గీత కాదని, అందులో సింధూరం ఉంటుందని, దాన్ని పక్కకి జరిపినా చెరిపినా అడిగేవాళ్లుంటారని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మాటల సంగతి. క్రాఫు అన్నది ఇంగ్లీషు క్రాప్ నుంచి వచ్చింది. తాతల కాలంలో మగవాళ్లకీ సిగలు, పిలకలు ఉండేవి. పిలక తీసి క్రాఫు చేయించుకొచ్చిన కుర్రాళ్లని ఇంట్లోకి రానివ్వని తండ్రులు ఉండేవారు. మనం బాయ్‌కట్ అంటున్న ఈ జుట్టు ‘బాయ్స్’కే కొత్త. వందేళ్ల కిందట తిరుగుబాటుగా వచ్చింది, యాభై ఏళ్లలో మగతనానికి సహజ లక్షణమై కూర్చుంది. అయినా ఆ సహజత్వాన్ని దాటిన ఆడదాని మీద ఎంత కోపం! 1431లో జోన్ ఆఫ్ ఆర్క్‌ని కాల్చిన విచారణలో మగబట్టలతో పాటు గుండ్రంగా కత్తిరించిన జుట్టు కూడా నేరాల జాబితాలో ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పాశ్చాత్య దేశాల్లో ఆడవాళ్లు బాబ్ చేయించుకుంటే కుటుంబమే కూలిపోతుందన్నారు. మన పక్కన తమిళనాట పెరియార్ ఆడవాళ్లు జుట్టు కత్తిరించుకోవాలని, చీరకి బదులు పనికి వీలైన బట్టలు తొడుక్కోవాలని బాహాటంగా చెప్పాడు. ఆత్మగౌరవ ఉద్యమం వ్యాపించినంతగా ఆ సలహా వ్యాపించలేదు.

మన దగ్గర బాబ్డ్ హెయిర్ అంటే చాలాకాలం ఒక పాత్ర స్వభావం. సినిమాల్లో, సీరియల్ నవలల్లో బాబ్డ్ హెయిర్ ఉన్న స్త్రీ వచ్చిందంటే డబ్బున్నదనో, పొగరుదనో, కాపురాలు చెడగొట్టేదనో అర్థం. అదే కాలంలో దేశాన్ని ఏలిన స్త్రీది పొట్టి జుట్టు. 1980లో మెదక్ నుంచి ఇందిరాగాంధీ లోక్‌సభకి గెలిచింది. తెలంగాణ పల్లెల్లో ఆమెని అమ్మ అన్నారు, ఇందిరమ్మ అన్నారు. ఆమె జుట్టుని ఎవరూ తప్పుపట్టలేదు. కానీ ఆ జుట్టు చూపించి నాకూ అలా కావాలని అడిగిన కూతురికి మాత్రం చీవాట్లు పడ్డాయి. అధికారం ఉన్న స్త్రీకి మినహాయింపు దొరుకుతుంది. ఆ మినహాయింపు మిగతావాళ్లకి నియమాన్ని కొంచెం కూడా సడలించదు.

ఇందులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటి ఉంది. జుట్టు కత్తిరించుకున్న ఆడపిల్లని మగరాయుడు అంటాం. ఆ మాటలో కోపంతో పాటు కాస్త మెప్పు కూడా ఉంటుంది. జుట్టు పెంచి ముడి వేసుకున్న మగపిల్లవాణ్ని ఆడంగి అంటాం. అందులో మెప్పు ఇసుమంత కూడా లేదు. ఆడపిల్ల అటు వెళ్తే మెట్టు ఎక్కినట్టు, మగపిల్లవాడు ఇటు వస్తే దిగజారినట్టు. అప్పుడు ఆండ్రోజినీ అని మనం మురిసిపోయేది నిజంగా ఆడ మగల మధ్యనున్న చోటేనా, లేక మగవాడి ఇంటి వాకిలా? నా క్రాఫు నాకిచ్చిన ధైర్యంలో కొంత భాగం మగవాళ్ల ధైర్యం అరువు తెచ్చుకున్నదే. రాత్రి బస్సులో ఒంటరిగా కూర్చున్నప్పుడు వెనక నుంచి ‘‘సార్’’ అని పిలిస్తే నేను సరిదిద్దలేదు. ఆ పిలుపులో ఉన్న భద్రత నాకు నచ్చింది. ఇది ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఇంతకన్నా కష్టంగా ఒప్పుకోవలసింది మరొకటుంది.

1990ల మొదట్లో నేనొక ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. హాస్టల్ ఆడపిల్లల బాధ్యత కొన్నాళ్లు నాకు అప్పగించారు. గోండు, కొలాం పిల్లలు. ఒక్క బోరు, అది కూడా ఎండాకాలం సగం రోజే నీళ్లిచ్చేది. తలస్నానం వారానికి ఒకసారి జరిగితే గొప్ప. నూనె నెల సగంలో అయిపోయేది. పేలు పడ్డాయి. గోకి గోకి కొందరికి కురుపులు లేచాయి. చిన్నపిల్లలందరికీ జుట్టు తీయించేద్దామన్నది నా నిర్ణయం. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఊరి నుంచి మంగలాయనని పిలిపించాను. వరండాలో వరసగా కూర్చోబెట్టాం. నలభై మంది దాకా ఉంటారు. మొదటి పిల్ల ఏడవగానే వరసంతా ఏడుపు అందుకుంది. నేను వాళ్ల మధ్య తిరుగుతూ, ‘‘జుట్టే కదా, పెరుగుతుంది, ఏడవకండి’’ అని సముదాయించాను. అప్పుడు నా జడ నడుం దాకా ఉండేది. ఆ రోజు కూడా అందులో పూలున్నాయి. హాస్టల్లో ఉన్నదాన్నే గనక నాకూ పేలు పట్టాయి. నేను మాత్రం పేల దువ్వెన కొనుక్కున్నాను.

ఆ పిల్లల్లో ఒకామె ఇప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తోంది. నేను ఇక్కడికి తిరిగి వచ్చానని తెలిసి చూడ్డానికి వచ్చింది. నా తల వంక చాలాసేపు చూసింది. ‘‘గీ కటింగ్ పైసలిచ్చి చేయించుకుంటున్నరా మేడం?’’ అంది. అవునన్నాను. ‘‘మాకైతే మీరు ఉత్తగనే చేయించిండ్రు’’ అని నవ్వింది. ఆమె నిజంగానే నవ్వింది. నేను నవ్వలేకపోయాను. తర్వాత మాటల్లో చెప్పింది. ఆ ఏడు దండారికి ఇంటికి వెళ్తే వాళ్లమ్మ ఏదో రోగం వచ్చిందనుకుని తల పట్టుకుని ఏడ్చిందట. పండగ మూడు రోజులూ ఈ పిల్ల ఇంట్లోంచి బయటికి రాలేదట.

ఇది తీరిపోయిన సంగతి కాదు. 2019 ఆగస్టులో మెదక్‌లో గిరిజన బాలికల మినీ గురుకులంలో నీళ్ల ఎద్దడి పేరుతో పిల్లల జుట్లు కత్తిరించేశారని తల్లిదండ్రులు వచ్చి ఆందోళన చేశారు. వార్త చదివినప్పుడు మనందరికీ కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఎవరో ఇంత అమానుషంగా ఎలా చేస్తారని కూడా అన్నాను. అన్న కొన్ని గంటలకి గానీ నా వరండా నాకు గుర్తు రాలేదు. నీళ్లు తక్కువైతే బోరు వేయించమని పై అధికారుల మీదికి వెళ్లాలి. అది కష్టం. పిల్లల తలల మీదికి వెళ్లడం తేలిక. నేను చేసింది ఆ తేలిక పనే. జుట్టు పొడుగుంటే నీళ్ల కరువు కనిపిస్తుంది. జుట్టు తీసేస్తే కరువు మాయమవుతుంది. ఫైలు కూడా శుభ్రంగా ఉంటుంది.

ఆమెది బలవంతం, నాది ఎంపిక అని ఒక జవాబు ఉంది. స్త్రీవాదం మనకి ఇచ్చిన జవాబే. కత్తిరింపు ఒక్కటే, అర్థం మార్చేది ఇష్టం. మొదట్లో ఇంతటితో సరిపెట్టుకున్నాను. కానీ ఇష్టం అన్న మాటని కొంచెం లాగి చూస్తే కుట్లు ఊడిపోతాయి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించేనాటికి, బ్రాహ్మణ ఇళ్లలో ఎందరో వితంతువులు తమంతట తామే తల వంచి మంగలి ముందు కూర్చునేవారు. ఏడుస్తూ కొందరు, నిబ్బరంగా కొందరు. కూర్చోకపోతే ఆమె వండినది తినరు, ఆమె తెచ్చిన నీళ్లు పూజకి పనికిరావు. ఆ ఒప్పుకోలుని ఇష్టమందామా? తిరుమల కల్యాణకట్టలో నీలాలిచ్చే స్త్రీలున్నారు. బిడ్డకి జబ్బు తగ్గితే ఇస్తానని మొక్కుకున్న తల్లి గుండుతో నవ్వుతూ మెట్లు దిగడం నేను చూశాను. ఆమె ఇష్టాన్ని నేను అనుమానించలేను. ఆ జుట్టు తర్వాత వేలంలో అమ్ముడై, ఎవరి తలకో సవరమో విగ్గో అవుతుంది. అయినా ఆమె ఇచ్చింది ఆమెదే.

‘వాడి జుట్టు నా చేతిలో ఉంది’ అని మనకో నుడికారం ఉంది. వాడు నేను చెప్పినట్టు వినాల్సిందే అని దాని అర్థం. ఆడవాళ్ల విషయంలో అది నుడికారం కాదు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడని ఎన్ని ఇళ్లలో విన్నాం! నిండు సభలోకి ద్రౌపది వచ్చింది కూడా అలాగే. నాకు తెలిసిన ఒకావిడ పెళ్లయిన పన్నెండేళ్లకి జుట్టు పొట్టిగా కోయించుకుంది. ఫ్యాషనా అని అడిగితే, ‘‘పట్టుకోనీకి దొరకద్దని’’ అంది. ఆమెది బాయ్‌కట్టే. దాన్ని స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రాలేదు. అందులో కాస్త కూడా స్వేచ్ఛ లేదనడానికీ రాలేదు.

ఇష్టం అన్న గీటురాయి చాలకపోతే మరేది? కాదు అనడానికి ఎంత ఖర్చవుతుందన్నది చూడాలని నాకనిపిస్తోంది. నలభై దాటాక, నెలనెలా జీతం వస్తూ, సొంత ఇంట్లో ఉంటూ నేను జుట్టు తీయించుకున్నాను. వద్దనుకుని ఉంటే నాకు పోయేదేమీ లేదు. చేయించుకున్నాక పోయిందీ పెద్దగా లేదు, ఇద్దరు ముగ్గురు చుట్టాల మెప్పు తప్ప. వితంతువు వద్దంటే ఆమెకి పోయేది అన్నం. వరండాలో పిల్ల వద్దంటే పోయేది చదువు, కనీసం ఆ పిల్ల అలా భయపడింది. 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేశారు. వాళ్లకి కాదు అనే మాటే లేదు. తీర్పు రావడానికి 2024 ఏప్రిల్ దాకా, అంటే 27 ఏళ్లకి పైగా పట్టింది. జుట్టుకి ఆర్నెల్లు చాలు. పోయినది జుట్టు మాత్రమే అయితే 27 ఏళ్లు కోర్టు మెట్లెక్కరు.

నేను ఆ పిల్లలతో అన్న ‘పెరుగుతుందిలే’ అబద్ధమయ్యేది ఇక్కడే.

జోగినుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. మన తెలంగాణలోనే జుట్టు జడలు కడితే ఎల్లమ్మ పిలిచిందని ఆడపిల్లని దేవత పేరున వదిలేసిన ఊళ్లున్నాయి. 1988లో చట్టం వచ్చాక కూడా ఆ నమ్మకం ఒక్కరోజులో పోలేదు. అలాంటి జడలు కత్తిరించడానికి కార్యకర్తలు కత్తెరతో వెళ్లినప్పుడు ఆ స్త్రీ మొదట భయపడుతుంది, వద్దంటుంది. అప్పుడు బయటివాళ్ల చేయి తప్పా? ఆ జడలు పోతే తప్ప ఆమెకి దారి తెరుచుకోదని మనకి తెలుసు. నా వరండాలో కూడా నాకు అన్నీ తెలుసనే అనుకున్నాను. తేడా ఏమిటంటే, జోగిని దగ్గరికి వెళ్లే మంచి కార్యకర్త నెలల తరబడి కూర్చుంటుంది, ఒప్పించే లోపు వెనక్కి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. నేను ఒక పూటలో ముగించాను. భోజనాల గంటకి పనైపోవాలని చూశాను.

చేతి గురించి కూడా ఆలోచించాలి. కత్తెర పట్టిన చేయి ఎప్పుడూ ఆ మనిషిది కాదు. వితంతువుల తలలు గొరిగిన మంగలివాళ్లకి ఆ పని ఇష్టమని ఎవరన్నారు? 1890 ప్రాంతంలో బొంబాయిలో సత్యశోధక సమాజానికి చెందిన నారాయణ మేఘాజీ లోఖండే చొరవతో మంగలివాళ్లు కలిసి, ఇక మేం వితంతువుల తలలు గొరగం అని పని ఆపేశారు. అన్నిటికన్నా కింద ఉన్నారనుకున్నవాళ్లు ఆ మాట అనగలిగారు. నేను టీచర్ని. చదువుకున్నదాన్ని. అన్నమూ ఉద్యోగమూ పోయే భయం లేనిదాన్ని. వరండాలో కాదు అనగలిగిన ఒకే ఒక్క మనిషిని నేను. ఈ ఆలోచన వచ్చాక ఎంపిక గురించి నేను చేసే ప్రసంగాల్లో కొంత ఊపు తగ్గింది.

నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో నపుంసకుల చట్టం అని ఒకటి వచ్చింది. వాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కించాలి. రిజిస్టర్లో ఉన్నవాళ్లు ఆడబట్టలతోనో, నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మనిషి బట్టలు, వేషం, నడవడి ద్వారా తన జెండర్‌ని చెప్పుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని తేల్చింది. అయినా ఆ పాత చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. ఆ చట్టం రాజ్యమేలిన కాలమంతా ఈ అడవి ఊళ్లలో ఏటా దీపావళి ముందు దండారి నడుస్తూనే ఉంది. గుస్సాడీలు నెమలీకల టోపీలు పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని ఊరూరా తిరుగుతారు. బృందంలో కొందరు మగవాళ్లు చీరకట్టుతో ఆడవేషంలో ఆడతారు. వాళ్లని ఆడంగి అని ఎవరూ అనరు. జైనూర్ మండలం మార్లవాయి నుంచే గుస్సాడీ కనకరాజు 2021లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024లో చనిపోయేదాకా ఎందరికో ఆ ఆట నేర్పాడు. దీన్ని చూసి ఆదివాసుల్లో ఆడ మగ తేడా లేదని రాసేయాలని నాక్కూడా చెయ్యి దురద పుట్టింది. కానీ గుస్సాడీ అయ్యేది మగవాళ్లే. మగవాడు కొన్నాళ్లు ఆడది కావచ్చు, పండగ దానికి చోటిచ్చింది. ఆడది నెమలీకల టోపీ పెట్టుకునే పండగ ఇంకా లేదు. అయినా మగవాడు ఇటు రావడం దిగజారడం కాని చోటు ఒకటి, ఇన్ని చట్టాల మధ్య, ఇక్కడుంది. అది మనం నేర్చుకోవలసిన సగం.

పోయిన వేసవిలో ఆ అంగన్‌వాడీ ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి పన్నెండేళ్ల కూతురితో. వాలీబాల్ ఆడుతుందట. జుట్టు మీలాగా కోయించుకుంటానని నెలరోజులుగా పట్టుబట్టిందట. ‘‘మీరే చెప్పుండ్రి మేడం దీనికి. వద్దని చెప్పుండ్రి’’ అంది తల్లి. పిల్ల నా వంక చూసింది. తల్లి కూడా చూసింది. వద్దంటే పిల్లకి అన్యాయం. సరే అంటే, ఒకప్పుడు ఈ తల్లి తల మీద నిర్ణయం తీసుకున్నదాన్ని ఇప్పుడు ఆమె కూతురి తల మీద కూడా తీసుకున్నట్టు. ‘‘నేను చెప్పను’’ అన్నాను. ‘‘ఆ రోజు నిన్ను అడగకుండా చేశాను. అది తప్పు. నాకు చెప్పే హక్కు లేదు.’’ ముప్పై ఏళ్లలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. ఆమె ఏమీ అనలేదు. పరవాలేదు మేడం అని కూడా అనలేదు. అననందుకు నేను ఆమెని గౌరవిస్తాను.

వారం తర్వాత ఆమే ఫోన్ చేసి ఆ షాపాయన ఎన్నింటికి తెరుస్తాడని అడిగింది. పొద్దున ఆరింటికి ముగ్గురం వెళ్లాం. కుర్చీ చేతుల మీద చిన్నపిల్లలకి వేసే చెక్క ఆయన వేయబోతే, ‘‘నేను చిన్నపిల్లను గాను’’ అని పిల్ల తీసేయించింది. ఎంత తియ్యాలని ఆయన అలవాటుగా నన్ను అడిగాడు. పిల్లని అడగమన్నాను. ఆ పిల్ల వేళ్లతో కొలత చూపించింది. సైడ్‌లాక్స్ మొనదేలాలి, మెడ మీద గీత పడొద్దు, అన్నీ తనే చెప్పింది. మధ్యలో ఆయన ఒకసారి కత్తెర ఆపి, ‘‘ఇంకా తియ్యాల్నా, చాల్నా?’’ అన్నాడు. పిల్ల అద్దంలో చూసుకుని కాసేపు ఆలోచించి, ‘‘చాలు’’ అంది. నేను అనుకున్నదానికన్నా పొడుగ్గానే ఉంది. ఆయన ఆపేశాడు.

తల్లి అంతసేపూ గడప దగ్గరే నిలబడి, కింద పడుతున్న వెంట్రుకలు చూస్తోంది. ‘‘పెరుగుతది గదా మేడం?’’ అంది మెల్లగా.

అది నా మాటే. తిరిగి ఆ మాట ఆమెకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె పక్కన నిలబడ్డాను.